బుర్రా వారి ఇష్టపాఠాలు

గోగులంకలో బుర్రా వారి ఇంటికి వీధి తలుపు సరిగ్గా పడదు, పెరటి గోడ సగమే ఉంది, కానీ బుర్రకి మాత్రం కొదవ లేదు. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అన్నది కాదు. బుర్రా వాళ్ళే అనుకునేవాళ్ళు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసులు పట్టుకుని ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చోవడం, ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకోవడం, ఆ తర్వాతే పనుల్లోకి దిగడం.

పెద్దది నాంచారమ్మ. ఆవిడ తర్వాత పానకాలు. ఆఖరివాడు చిదంబరం. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. సంబంధాలు రాక కాదు. "మా పానకాలుకి తగ్గ పిల్లని చూడండి" అని నాంచారమ్మే నలుగురికీ చెప్పింది. పాపం వాళ్ళు చూశారు. వచ్చిన ప్రతి పిల్లనీ పానకాలు పక్కన నిలబెట్టి, కొబ్బరి ఈనెతో కొలిచి, "తగ్గలేదండీ, సమానంగానే ఉంది" అని తిప్పి పంపేసింది. అంతే, నాలుగేళ్ళకి సంబంధాలు రావడం మానేశాయి.

"నిన్న పాలు పొంగుతాయేమో చూడరా అన్నాను. ఎంత బాగా చూశావురా చిదంబరం!" అనేది నాంచారమ్మ.

"రెప్ప వెయ్యలేదక్కా. మొదటి బుడగ దగ్గర్నుంచి ఆఖరి చుక్క పొయ్యిలో పడేదాకా చూశాను."

"అదీ బాధ్యతంటే!" అని పానకాలు మెచ్చుకునేవాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మాట చెవిలో పడితే ఇలా అయ్యేది గానీ, పని చేతిలో పడితే ఆ చేతులే వేరు. నాంచారమ్మ విత్తు నాటితే రాతి మీదైనా మొలిచేది. పానకాలు కుళ్ళబెట్టిన ఎరువు గుప్పెడు తీసి వాసన చూస్తే తొలకరి వానలా ఉండేది. చిదంబరం సారె తిప్పితే మట్టి తనంతట తనే కుండై లేచి నిలబడేది. ఎవరూ ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆ ముగ్గుర్నీ మించిన పనివాళ్ళు లంక మొత్తంలో లేరు. చెబితేనే వచ్చేది చిక్కు.

ఆ ఊరి చివర సువర్చల మేడమ్ గారు బడి పెట్టారు. పచ్చపాదు విద్యాలయం. ఎండతో వంట వండుతారు, వాన నీళ్ళు పట్టి దాస్తారు, చెత్త గేటు దాటి బయటికి పోదు. పుస్తకాల చదువు మామూలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం రెండు గంటలు పిల్లలు తమకి నచ్చిన చేతిపని ఒకటి ఎంచుకుని నేర్చుకోవచ్చు. వాటికి ఆవిడ పెట్టిన పేరు ఇష్టపాఠాలు. తోటపని, ఎరువు తయారీ, కుండలు చెయ్యడం, ఈ మూడింటికీ గురువులు కావలసి వచ్చి, అడుగుతూ అడుగుతూ బుర్రా వారి అరుగు దగ్గరికొచ్చారు.

"మీ చేతుల్లో విద్య ఉందని ఊరంతా అంటున్నారండీ" అన్నారు మేడమ్.

ముగ్గురూ గబగబా అరచేతులు తిప్పి చూసుకున్నారు.

"కనపడ్డం లేదేంటక్కా?" అన్నాడు చిదంబరం.

"గీతల్లో ఇరుక్కుని ఉంటుందిరా. ఆవిడ చదువుకున్నావిడ, అంత దూరం నుంచే కనిపెట్టింది."

మేడమ్ నవ్వేశారు. సరదాకి అంటున్నారనుకున్నారు. ఇంకేముంది, అక్కడికక్కడే ఉద్యోగాల్లో చేర్చేసుకున్నారు. "మా పిల్లలకి మట్టంటే తెలీదు నాంచారమ్మ గారూ. ఒక్కొక్కరికీ చెయ్యి పట్టుకుని నేర్పించాలి మీరు."

"ఆయ్, అలాగేనండి" అంది నాంచారమ్మ.

మర్నాడు మధ్యాహ్నం తోటలో ఆరో తరగతి పిల్లలు పద్దెనిమిది మంది నిలబడ్డారు. ముందు తరళ అనే పిల్ల ఉంది. రెండు జడలు, మోకాలి మీద పాత దెబ్బ మచ్చ. నాంచారమ్మ వెళ్ళి ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుంది. గోతిలో దుంపతీగ ముక్క పెట్టించింది, మన్ను కప్పించింది, నీళ్ళు చిలకరింపించింది. చెయ్యి మాత్రం వదల్లేదు. గంట కొట్టారు. వదల్లేదు. బస్సు వచ్చింది. నాంచారమ్మ కూడా బస్సెక్కింది.

"టీచర్, ఇంక మా ఇల్లొచ్చేసింది" అంది తరళ.

"వస్తే రానియ్యమ్మా. పట్టుకోమన్నారు గానీ ఎప్పుడు వదలాలో చెప్పలేదు. రేపు కనుక్కుని వదిలేస్తాను."

తరళ వాళ్ళమ్మ నవ్వి, కాఫీ ఇచ్చి, ఎలాగో బతిమాలి వేళ్ళు విడిపించింది. మర్నాటి నుంచి పిల్లలంతా "నా చెయ్యి పట్టుకోండి టీచర్, నా చెయ్యి పట్టుకోండి" అని ఎగబడ్డం మొదలుపెట్టారు.

ఆ వారంలోనే మేడమ్, "మొక్కల్ని సొంత పిల్లల్లా చూసుకోవాలి" అని ఇంకో మాట అన్నారు. అంతే, తెల్లారేసరికి మడిలో ప్రతి మొక్కకీ పసుపు రాసి ఉంది, చిగురు పక్కన దిష్టిచుక్క ఉంది. గుమ్మడి మొక్కకి జలుబు చేసిందని నాంచారమ్మ దాని మొదలు దగ్గర వాము పొగ వేస్తోంది. పిల్లలు పక్కన కూర్చుని జోల పాడుతున్నారు. జోలకో, పానకాలు ఎరువుకో గానీ ఆ మొక్కలు ఏపుగా పెరిగాయి. నాలుగు నెలలయ్యేసరికి పాలకూర, తోటకూర, కొత్తిమీర, ఓ మూల చిలగడదుంప తీగలు, తోటంతా పచ్చగా కళ్ళు చల్లబడేలా తయారైంది.

అప్పుడొచ్చారు వీరభద్రం గారు.

ఆయన తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. కొబ్బరికాయల మండీ ఆయనది. తరళకి తాతగారు. మాటకి ముందు బల్ల చరచడం ఆయన అలవాటు. మేడమ్ గదిలో బల్ల చరిచి, "మట్టి పిసుక్కోడానికి మా పిల్ల ఇక్కడికి రావాలా అమ్మా? మా పెరట్లో లేదా మట్టి? ఆ రెండు గంటలూ కూడా లెక్కలు చెప్పించండి, రేపు పరీక్షల్లో పనికొస్తాయి. శనివారం మీటింగు పెట్టండి. అందరం వస్తాం, చూస్తాం. నచ్చకపోతే ఈ ఇష్టపాఠాలు మొత్తం ఎత్తేస్తాం" అనేసి వెళ్ళిపోయారు.

కిటికీ అవతల పాలకూర కోస్తున్న నాంచారమ్మ ఇదంతా విని కిసుక్కున నవ్వింది. "అంత తోటని ఆయనేం ఎత్తుతారండీ మేడమ్ గారూ! రెండు మెట్లెక్కితేనే నడుం పట్టుకుంటున్నారు."

మేడమ్ నవ్వలేదు. "ఎత్తెయ్యడం అంటే ఉండకుండా చేసెయ్యడం నాంచారమ్మ గారూ. పిల్లలు ఇంక తోటలోకి రారు."

నాంచారమ్మ చేతిలో పాలకూర కట్ట కిందపడింది. "నా దగ్గరికి రారా?"

"రారు."

ఆ పూట ఆవిడ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని తమ్ముళ్ళతో చెప్పింది. "ఒరే, ఇక్కణ్ణించి శనివారం దాకా మేడమ్ గారు ఏం చెబితే అది, అక్షరం పొల్లుపోకుండా చెయ్యాలి. ఇన్నాళ్ళూ మనం కొంచెం సొంత తెలివి కలిపేశామేమో అని నాకు అనుమానంగా ఉంది."

"కలపొద్దక్కా. ఒక్క చిటికెడు కూడా కలపొద్దు" అన్నాడు పానకాలు.

ముప్పు అక్కడ మొదలైంది.

బుధవారం మేడమ్ గారు పదకొండు కాయితాలు రాశారు. ఏ పిల్ల ఏం నేర్చుకుంది, ఇష్టపాఠాల వల్ల బడికి ఎంత మేలైంది, అన్నీ చేత్తో కూర్చి రాసుకున్నారు. మీటింగులో చదవాలని. వరండాలో నడుస్తుంటే చిన్న జల్లు కొట్టి కాయితాలు తడిశాయి. ఆవిడ వాటిని ఎండ పడే మెట్టు మీద పరిచి, పైన రాయి పెట్టి, క్లాసుకి వెళ్ళిపోయారు.

అటు పానకాలు వచ్చాడు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని మేడమ్ గారు చెప్పిన రోజు నుంచీ అతను ఆ మాట మీద ప్రాణం పెట్టాడు. ఎండిపోయిన అరటితొక్క కనపడితే పొడి బుట్టలో వేసేవాడు. వానలో తడిసిన అట్టపెట్టె తడి తొట్లో వేసేవాడు. అనుమానంగా ఉన్నవాటిని బుగ్గకి ఆనించి చూసేవాడు. ఈ కాయితాల్ని కూడా ఆనించి చూశాడు. చల్లగా తగిలాయి. అంతే, పదకొండూ చింపి, వానపాముల తొట్లో వేసి, పైన పేడ కలిపి, శుభ్రంగా కప్పెట్టి చేతులు కడుక్కున్నాడు.

మేడమ్ వచ్చి చూస్తే రాయి ఉంది, కాయితాలు లేవు.

"పానకాలు గారూ, నా కాయితాలేవండీ?"

"తొట్లో ఉన్నాయండి. వానపాములు చూస్తున్నాయండి."

"ఏంటి చూసేది?"

"రెండు వారాల్లో ఆసాంతం అయిపోతాయండి. పిల్లలు రాసినవైతే వారంలోనే అయిపోతాయి. మీవి కొంచెం బరువుగా ఉన్నాయండి."

మేడమ్ మెట్టు మీద కూర్చుండిపోయారు. మళ్ళీ రాయడానికి టైము లేదు, ఓపికా లేదు. కాసేపటికి తేరుకుని, "పోనీలెండి. తోట ఉందిగా. తోటని చూపిస్తే చాలు, అదే మాట్లాడుతుంది" అన్నారు.

పానకాలు ఈ కబురు అక్కకి మోసుకెళ్ళాడు. ఇద్దరూ మడి పక్కన చాలాసేపు చెవులొగ్గి కూర్చున్నారు. తోట ఏమీ మాట్లాడలేదు.

"శనివారం మాట్లాడుతుందేమోలే. ఇవాళ మన ముందు సిగ్గుపడుతోంది" అంది నాంచారమ్మ.

గురువారం పొద్దున మేడమ్ తోట దగ్గరికొచ్చారు. "నాంచారమ్మ గారూ, ఇంక మనకి మిగిలింది ఇదొక్కటే. రెండ్రోజులు ఈ మళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి. మళ్ళల్లో ఎవ్వర్నీ కాలు పెట్టనివ్వకండి, మీరూ పెట్టకండి."

"ఆయ్" అంది నాంచారమ్మ. మేడమ్ వెళ్ళగానే తలగుడ్డ చింపి ఎడమ కన్నుకి గట్టిగా కట్టుకుంది.

"ఒక కన్నేనా అక్కా?" అన్నాడు చిదంబరం.

"ఒకటే చెప్పారు. రెండోది వేస్తే సొంత తెలివి కలిపినట్టు కాదూ?"

నాంచారమ్మ పీట వేసుకుని కూర్చుని కుడికన్నుతో చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. పక్కింటి మేక ఎడమ వైపు నుంచి వచ్చింది. కరకర, కరకర. పాలకూర అయిపోయింది. తోటకూర మొదలైంది.

"అక్కా, మేక! మేక తినేస్తోందక్కా!" అని సారె దగ్గర్నుంచి అరిచాడు చిదంబరం.

"నాకు కనపడ్డం లేదురా. ఎటుంది?"

"నీ ఎడం పక్క!"

"అయితే అది కట్టు కట్టిన కంటి లెక్కలోది. దాన్ని నేనెలా చూస్తాను? నువ్వే తోలు."

చిదంబరం పరుగెత్తుకొచ్చి మడి గట్టు మీద ఆగిపోయాడు. ఒక కాలు గాల్లోనే ఉండిపోయింది. లోపల కాలు పెట్టకూడదు గదా! వెనకాల పానకాలు కూడా వచ్చి, అలాగే ఒక కాలు ఎత్తుకుని నిలబడ్డాడు. మేక ఇద్దర్నీ ఓసారి చూసి, కొత్తిమీర వైపు నడిచింది.

"కాలు పెట్టొద్దన్నారు గానీ వీపు పెట్టొద్దనలేదు కదరా" అన్నాడు పానకాలు.

చిదంబరం మొహం వెలిగిపోయింది. ఇంకేముంది, ఇద్దరూ గట్టు మీద పడుకుని, కాళ్ళు రెండూ పైకెత్తి పట్టుకుని, పీపాల్లా మడిలోకి దొర్లారు. మేక ఇటు పరిగెత్తితే ఇటు దొర్లారు. అటు దూకితే అటు దొర్లారు. అప్పటికి తినడానికి మేకకి ఏమీ మిగల్లేదు, అన్నీ వీళ్ళ వీపుల కిందే ఉన్నాయి. అది విసుగొచ్చి దానంతటదే వెళ్ళిపోయింది.

మేడమ్ వచ్చేసరికి పచ్చటి తోట రోడ్డు వేసినట్టు చదునుగా ఉంది. ఇద్దరు మగాళ్ళు ఆకుపచ్చగా ఉన్నారు. నాంచారమ్మ ఒంటికన్నుతో కూర్చుని, "ఒక్కళ్ళు కూడా కాలు పెట్టలేదండి మేడమ్ గారూ" అని గర్వంగా చెప్పింది.

మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాంచారమ్మ కట్టు విప్పేసింది. రెండు కళ్ళతో ఆవిణ్ణీ, మడినీ చూసింది. చెప్పినట్టే చేశాం కదా, ఎందుకిలా అయింది? ఆ రోజంతా ఎంత ఆలోచించినా ఆవిడకి అంతు చిక్కలేదు. చివరికి, చెప్పింది తక్కువై ఉంటుంది, చేసింది ఇంకా తక్కువై ఉంటుంది, ఈసారి ఎక్కువ చెయ్యాలి అని తేల్చుకుంది.

శుక్రవారం మేడమ్ ముగ్గుర్నీ పిలిచారు. చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పారు. "రేపు మీకు ఒకటే పని. గేటు దగ్గర నిలబడండి. బడి లోపల ప్లాస్టిక్ అన్నది కంటికి కనపడకూడదు. ఎవరి దగ్గరున్నా గేట్లోనే తీసేసుకోండి. ఎవరైనా సరే, నేనైనా సరే. అర్థమైందా?"

"ఆయ్!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

శనివారం అందరికంటే ముందు మేడమే వచ్చారు. నాంచారమ్మ ఎదురెళ్ళి, "మన్నించాలండి" అని ఆవిడ జడకున్న క్లిప్పు లాగేసుకుంది. జడ విడిపోయింది. మేడమ్ ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే సంతోషంగా, "శభాష్! అచ్చం ఇలాగే చెయ్యండి" అని ముడి వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ శభాష్ విన్నాక ఇంక వాళ్ళని పట్టేదెవరు?

తల్లిదండ్రులు రావడం మొదలైంది. ముగ్గురూ వాళ్ళ సంచులు తీసుకున్నారు, సరే. నీళ్ళ సీసాలు, సరే. తర్వాత దువ్వెనలు, పెన్నులు, చెప్పులు. ఒకాయన గొడుగు పిడి ప్లాస్టిక్కని గొడుగు తీసుకున్నారు. ఒకావిడ గాజులు తీయించి, చేతులు బోసిగా ఉన్నాయని మామిడాకుల తోరణం కట్టి పంపారు. అంతలో చిదంబరానికి మగాళ్ళ చొక్కాల మీద చూపు పడింది.

"అక్కా, గుండీలు!"

అంతే, కత్తెర బయటికొచ్చింది. టకటకా గుండీలు రాలుతున్నాయి. చొక్కాలు ఊడిపోకుండా నాంచారమ్మే దయతలిచి తుమ్మముళ్ళు గుచ్చి పంపుతోంది. "ముల్లు మంచిదండీ, మట్టిలో కలిసిపోద్ది. ఊపిరి మాత్రం గట్టిగా పీల్చకండి."

అప్పుడు వీరభద్రం గారి కారు ఆగింది. తెల్లటి చొక్కా, ఆరు గుండీలు, నల్ల కళ్ళజోడు. ఆయన దిగీ దిగకముందే కళ్ళజోడు పానకాలు చేతిలో ఉంది. "ఏయ్, ఎవరది?" అని ఆయన గాల్లో తడుముకుంటుంటే గుండీలు ఆరూ రాలిపోయాయి, ముళ్ళు ఆరూ దిగిపోయాయి.

"ఏమిటీ అఘాయిత్యం!" అని ఆయన గర్జించారు.

గర్జిస్తే నోరు తెరుచుకుంది. నాంచారమ్మ తొంగి చూసింది. మల్లెమొగ్గలు పేర్చినట్టు రెండు వరసల పళ్ళు.

"ఈ వయసులో ఎంత చక్కటి పళ్ళండీ బాబుగారూ! సొంతవేనా?"

పొగడ్తకి ఆయన కోపం రవ్వంత తగ్గింది. "కాదు. పట్నంలో కట్టించాను."

"దేంతో కట్టారండీ?"

"ఏదో ప్లాస్టిక్కు రకం. మంచిది. గట్టిది." ఆ మాట అన్నాక ఆయనకి అనుమానం వచ్చింది. "ఎందుకూ?" అని అడగడానికి మళ్ళీ నోరు తెరిచారు. చిదంబరం వేళ్ళు కుండల లోపల మట్టి నున్నగా తీసే వేళ్ళు. లోపలికెళ్ళింది తెలీదు, బయటికొచ్చింది తెలీదు. పళ్ళసెట్టు అతని అరచేతిలో ఉంది.

వెనకాల వరసలో నలభై మంది నిలబడి ఉన్నారు. అందరూ ఎరిగినవాళ్ళే, కొబ్బరికాయలు కొనేవాళ్ళే. బోసినోరు వాళ్ళకి చూపించడం కంటే ఇంకేదైనా నయమనుకున్నారాయన. మూతి బిగించుకుని, ముళ్ళు గుచ్చుకోకుండా ఒద్దికగా నడుచుకుంటూ వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు.

మీటింగు మొదలైంది. మేడమ్ దగ్గర కాయితాలు లేవు, చూపించడానికి తోట లేదు. "ముందు పెద్దలు మాట్లాడతారు" అని మైకు వీరభద్రం గారికే ఇచ్చారు. ఆయనకి తప్పలేదు. లేచి, బల్ల చరిచి, కొట్టిపారేసినట్టు చెప్పారు.

"ఈ మట్టి పాఠాలు మనకి... వహ్వు!"

పళ్ళుంటే అది "వద్దు". లేవుగా!

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఏంటన్నారు?"

నాంచారమ్మ గేటు దగ్గర్నుంచే గట్టిగా చెప్పింది. "వహ్వా అంటున్నారండీ! మట్టి పాఠాలు వహ్వా అంటున్నారు!"

చప్పట్లు మోగాయి. వీరభద్రం గారు కంగారుపడి చేతులూపుతూ, "వహ్వు! వహ్వు! హీహెయ్యాలి! అన్నీ హీహెయ్యాలి!" అని అరిచారు.

"చేసెయ్యాలంట! పిల్లల చేత అన్నీ చేసెయ్యాలంట!"

ఇంకేముంది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొట్టినప్పుడల్లా ముళ్ళు గుచ్చుకుని "అబ్బా, అబ్బా" అంటున్నారు. అది కూడా మెచ్చుకోలులాగే వినిపించింది. వీరభద్రం గారు ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా చప్పట్లు. చివరికి నీరసం వచ్చి కూర్చుండిపోయారు. పొద్దున్న టిఫిను కూడా చెయ్యలేదాయన.

అప్పుడు తరళ వచ్చింది, చేతిలో ఆకు దొన్నె పట్టుకుని. తీగలన్నీ మేక తినేసినా, పైన మనుషులు దొర్లినా, మట్టిలో ఉన్న చిలగడదుంపలకి ఏమీ కాలేదు. పొద్దున్నే పిల్లలంతా కలిసి తవ్వి, ఎండపొయ్యి మీద ఉడకబెట్టారు. ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తవ్వి చూద్దామని వాళ్ళకే తోచింది.

"తాతయ్యా, తిను. మెత్తగా ఉంది, నమలక్కర్లేదు."

ఆయన మొహం తిప్పుకున్నారు. దుంప పొగలు కక్కుతోంది. తియ్యటి వాసన. చిన్న ముక్క నోట్లో వేసుకున్నారు. అది కరిగిపోయింది. ఇంకో ముక్క. ఇంకో దుంప.

"ఇది నేనే నాటాను తాతయ్యా. నేనే తవ్వాను."

"నువ్వా?" అన్నారాయన. ఆ మాటకి పళ్ళు అక్కర్లేదు, బాగానే పలికింది. కళ్ళజోడు లేదు గనక ఆ పిల్ల చెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూశారు. గోళ్ళ నిండా మన్ను. అరచేతిలో చిన్న కాయ కాసింది. చిన్నప్పుడు తన చెయ్యీ అలాగే ఉండేది. నాన్న కొబ్బరి మొక్కలు నాటిస్తుంటే.

"ఎవలు నేల్పాలు?"

"నాంచారమ్మ టీచర్. నా చెయ్యి పట్టుకుని నేర్పింది. ఇంటిదాకా వదల్లేదు."

వీరభద్రం గారు దొన్నె దగ్గరికి లాక్కుని ఇంకో ముక్క నోట్లో వేసుకున్నారు. ఈలోగా మేడమ్ గారు మైకు తీసుకుని, "ఇష్టపాఠాలు ఉండాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. మొట్టమొదట లేచింది వీరభద్రం గారి చెయ్యే. అది ఇష్టపాఠాల కోసం లేచిందో, ఇంకో దుంప కోసం లేచిందో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఆయన చెయ్యి చూసి మిగతా చేతులన్నీ లేచాయి. చొక్కాలన్నీ తెరుచుకున్నాయి.

మేడమ్ ఆనందం పట్టలేక గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "నెగ్గాం! పిల్లలు తోటలోకొస్తారు! అందరి సామాన్లూ ఇచ్చేయండి. ముందు వీరభద్రం గారి పళ్ళు ఇచ్చేయండి."

ముగ్గురూ ఆకాశం వైపు చూశారు.

"ఏవండీ పళ్ళు?"

"దాచామండి" అంది నాంచారమ్మ.

"ఎక్కడ?"

"కంటికి కనపడకూడదన్నారు కదండీ. అందుకని ముగ్గురం కళ్ళు గట్టిగా మూసుకుని దాచామండి. మాకూ కనపడలేదు."

ఆ మధ్యాహ్నం బడిలో ఉన్న ఇష్టపాఠం ఒక్కటే, పళ్ళు వెతకడం. నలభై మంది పెద్దలు ముళ్ళ చొక్కాలతో వంగి వెతికారు. కళ్ళజోడు నలిగిపోయిన గుమ్మడిపాదు కింద దొరికింది. చెప్పులు తేనెపట్టు కింద దొరికాయి, తెచ్చుకునే ధైర్యం చాలక కొందరు వదిలేశారు. పళ్ళసెట్టు చిదంబరం ఎండబెట్టిన పచ్చికుండ లోపల అంటుకుని ఉంది. తీసి, కడిగి, వేడినీళ్ళలో ఉడికించి ఇచ్చారు. కుండ లోపల మాత్రం పళ్ళ అచ్చు పడిపోయింది. వీరభద్రం గారు పళ్ళు పెట్టుకుని, మొట్టమొదట మేడమ్ వైపు తిరిగి, ఉరిమి చూసి, "సోమవారం ఇంకో రెండు దుంపలు పంపించండి" అని కారెక్కారు.

అందరూ వెళ్ళాక మేడమ్ ముడి ఊడిన జుట్టుతో గేటు పట్టుకుని నిలబడ్డారు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందు రావాలో తెలీక రెండూ ఆగిపోయాయి. ముగ్గురికీ దణ్ణం పెట్టి, "మిమ్మల్ని మానమనడం లేదు. మీరు లేకపోతే ఈ పాఠాలు లేవు. కానీ ఒక్క వారం, ఒక్క వారం మాత్రం మీ మొహాలు నాకు చూపించకండి" అన్నారు.

"ఆయ్" అన్నారు ముగ్గురూ.

సోమవారం పొద్దున్న కాఫీలు తాగి బయల్దేరారు. మొహాలు చూపించకూడదు, పనికి వెళ్ళకా తప్పదు. ఇంకేముంది, ముగ్గురూ గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగి, ఒకరి చెయ్యొకరు పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ బడి దారి పట్టారు. కాలవ గట్టు దాటారు, కొబ్బరితోట దాటారు. నడిచేకొద్దీ వాళ్ళ ఇల్లు కళ్ళెదుటే చిన్నదైపోతోంది.

చిదంబరానికి గాభరా పుట్టింది. "అక్కా, మనం బడికెళ్తున్నామా, ఇంటికెళ్తున్నామా?"

నాంచారమ్మ ఆగి బాగా ఆలోచించింది. "మనిషి మొహం ఎటుంటే అటే వెళ్తున్నట్టు కదరా. మన మొహాలు ఇంటివైపున్నాయి. అంటే ఇంటికే వెళ్తున్నాం."

"మరి బడి గంట దగ్గరగా వినపడుతోందేంటక్కా? ఇందాక దూరంగా వినపడింది."

ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. నిజమే. గంట దగ్గరపడుతోంది. పిల్లల అరుపులు దగ్గరపడుతున్నాయి. "నాంచారమ్మ టీచర్, నాంచారమ్మ టీచర్" అని పిలుపులు కూడా.

నాంచారమ్మకి విషయం అర్థమైపోయింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "ఒరే, ఇంటికెళ్ళిపోతున్నామని తెలిసి బడే మన వెనకాల వచ్చేస్తోందిరా. పాపం, మనల్ని ఒదిలి ఉండలేకపోతోంది!"

"ఇంటిదాకా వచ్చేస్తే ఎక్కడ పెడతాం అక్కా? మన వాకిట్లో పట్టదు!" అన్నాడు పానకాలు, వణికిపోతూ.

అంతలో వీపులకి బడి గేటు తగిలింది. అంతే, ముగ్గురూ అక్కడే రోడ్డు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. నాంచారమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపి, గేటు ఊచని ఆప్యాయంగా నిమురుతూ బుజ్జగించడం మొదలుపెట్టింది.

"వెళ్ళు తల్లీ, మా అమ్మవి కదూ. అంతమంది పిల్లల్ని లోపల పెట్టుకుని ఇలా రోడ్డు మీదికొచ్చేస్తారా? వెళ్ళి నీ చోట నువ్వుండు. మేం ఇంటికెళ్ళి, ఇంత కాఫీ తాగి, ఇప్పుడే వచ్చేస్తాం."